విశాఖలో రెండు రోజులు: ఈసారి ఆస్పత్రికి కాదు

ఆంధ్రా సరిహద్దుకి ఆనుకుని ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడిలో ఎవరైనా విశాఖ వెళ్తున్నామంటే ఎదుటివాళ్ళు మొదట అడిగేది “ఎవరికి బాగోలేదు?” అని. తప్పేం లేదు. గుండె నొప్పికైనా, కంట్లో శుక్లానికైనా, కాన్పు కష్టమైనా మాకు దిక్కు విశాఖే. పేరుకి మా రాజధాని భువనేశ్వర్, కాళ్ళు మాత్రం ఇటే నడుస్తాయి. అందుకే పాల ప్యాకెట్ కొంటూ “శుక్రవారం విశాఖ వెళ్తున్నాం” అని నోరు జారితే, సాయంత్రానికల్లా ఇద్దరు ఫోన్ చేసి మా అమ్మకి ఎలా ఉందని అడిగారు. బాగానే ఉంది, ఊరికే తిరిగి రావడానికి వెళ్తున్నాం అన్నాను. ఒకాయన నమ్మనే లేదు. “దాచకు బాబూ, ఏ డాక్టరు?” అన్నాడు.

నిజానికి సరదాకని వెళ్ళడం మాకూ ఇదే మొదటిసారి. నేను, మా ఆవిడ, ఎనిమిదో తరగతి అబ్బాయి, నాలుగో తరగతి అమ్మాయి, 72 ఏళ్ళ మా అమ్మ. ఏది బాగుందో, ఏది డబ్బు దండగో, పెద్దవాళ్ళతో వెళ్తే ఎక్కడ ఇబ్బందో రాస్తున్నాను. గజపతి, రాయగడ జిల్లాల నుంచి వెళ్ళేవాళ్ళకి పనికొస్తుంది. నాది కొమ్ము పని. గేదె కొమ్ము కాచి, చదును చేసి, ఆకురాయితో రాసి కొంగలు, రొయ్యలు, దువ్వెనలు చేస్తాం. మా తాత నాటి నుంచి ఇదే. ఏ వస్తువు చేతికొచ్చినా తిప్పి అడుగు చూసే అలవాటు ఉంది. ఈ రివ్యూలో కూడా అది పోదు.

వెళ్ళడానికి కారణం అమ్మే. తొమ్మిదేళ్ళ కిందట నాన్నకి జబ్బు చేస్తే విశాఖ పెద్దాసుపత్రిలో 19 రోజులు ఉన్నారు. నాన్న నయమై ఇంటికొచ్చి ఇంకో నాలుగేళ్ళు బతికారు. మొన్న మా అమ్మాయి “మామ్మా, అప్పుడు సముద్రం చూశావా?” అని అడిగింది. అమ్మ కాసేపు ఆలోచించి, “గాలి తగిలీది. ఉప్పు వాసన వచ్చీది. చూడనేదు” అంది. ఆ ఆస్పత్రి గేటు నుంచి సముద్రం ఎంత దూరమో వెళ్ళినవాళ్ళకి తెలుసు. 19 రోజులు! ఆ రాత్రే టికెట్ల సంగతి చూశాను.

గుణుపురం నుంచి విశాఖ వెళ్ళే పాసింజరు మా ఊరి మీదుగానే పోతుంది. చవక. కిటికీ పక్క సీటు దొరికితే పిల్లలకి ఫోన్ అక్కర్లేదు. అమ్మది టెక్కలి. పెళ్ళయి మా ఊరికొచ్చింది పాత చిన్న రైల్లో. రాజావారు నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో వేయించిన లైను అది, పట్టాల మధ్య రెండున్నర అడుగులే. 1931లో గుణుపురం దాకా పొడిగించారు. 2004లో ఆపి, పెద్ద లైను వేసి 2011లో మళ్ళీ నడిపారు. “ఆ బండి ఎంత నెమ్మదంటే, దిగి చింతకాయలు కోసుకుని మళ్ళీ ఎక్కీవోళ్ళు” అంటుంది అమ్మ. చిన్నప్పటి నుంచీ వింటున్నాను, ఒక్కోసారి చింతకాయలు, ఒక్కోసారి ఈతపళ్ళు. నౌపడ దగ్గర ఉప్పు మడులు వచ్చేసరికి ఎండ వాలింది. మడుల్లో నీళ్ళు మెరుస్తుంటే మా అమ్మాయి “ఇదేనా సముద్రం?” అంది. “దీని అప్ప” అంది అమ్మ, అప్ప అంటే మా వైపు అక్క.

ఇక బస. దీని గురించి ఎక్కువ రాస్తే కోపం వస్తుంది, తొందరగా చెప్పేస్తాను. ఊరి నడిబొడ్డున ఒక లాడ్జి, ఫొటోలు చూసి బుక్ చేశాను. ఫోన్ చేసి మరీ అడిగాను, లిఫ్ట్ ఉందా, పెద్దావిడ ఉన్నారు అని. ఉందండీ అన్నారు. నిజమే, ఉంది. పనిచెయ్యదు. మా గది మూడో అంతస్తు. కింద గది ఏదైనా ఇమ్మంటే ఖాళీ లేదన్నారు. రాత్రి పదింటికి అమ్మ రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టూ లెక్కపెట్టుకుంటూ ఎక్కింది. 58. కౌంటర్లో కుర్రాడు “మెకానిక్ రేపు వస్తాడు సార్” అన్నాడు. సోమవారం తెల్లారి మేం ఖాళీ చేసేటప్పుడు కూడా మెకానిక్ రేపే. గది శుభ్రంగా ఉంది, వేడినీళ్ళు వచ్చాయి, ఆ మాట చెప్పకపోతే అన్యాయం. కానీ మీరు అడగాల్సింది “లిఫ్ట్ ఉందా” అని కాదు, “ఇవాళ లిఫ్ట్ ఎక్కారా” అని.

శనివారం పొద్దున్న సింహాచలం. సిటీ బస్సెక్కాం. ఆంధ్రాలో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సుల్లో ఉచితం కదా, మా ఆవిడ ధీమాగా ఆధార్ తీసింది. కండక్టరమ్మ కార్డు అటూ ఇటూ తిప్పింది. తెలుగు అక్షరం ఒక్కటీ లేదు, ఉన్నవి ఒడియా, ఇంగ్లీషు. “ఇది ఒడిశా అడ్రస్ కదమ్మా, జీరో టికెట్ రాదు.” అమ్మ ఊరుకోలేదు. “నేను టెక్కలి పిల్లనమ్మా” అంది. “టెక్కలిలో పుట్టినా, టికెట్ తియ్యాల్సిందేనమ్మా” అని ఆమె నవ్వుతూ అనేసరికి చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. రూల్ ప్రకారం ఆమెదే రైటు, ఇక్కడి అడ్రస్ ఉన్నవాళ్ళకే ఉచితం. మా ఆవిడ పర్సు తీస్తూ “పోనీలెండి, మాకక్కడ సుభద్ర డబ్బులు వస్తాయి” అంది. ఒడిశా ప్రభుత్వం ఆడవాళ్ళకిచ్చే పథకం అది, ఏడాదికి 10,000, రెండు విడతలు. సరిహద్దులో ఉన్నవాళ్ళం, ఒక పక్క పోతే ఒక పక్క వస్తుంది. మాట తెలుగుది, కార్డు ఒడియాది. మీ ఇంట్లో ఆడవాళ్ళకి ముందే చెప్పి తీసుకెళ్ళండి, బస్సులో చర్చ తప్పుతుంది.

కార్డు మాట వచ్చింది కాబట్టి పిల్లల సంగతీ చెప్పాలి. ఇంట్లో తెలుగే మాట్లాడతారు, బళ్ళో ఒడియా చదువు. తెలుగు అక్షరాలు మా అమ్మాయికి సగమే వచ్చు. ఒడియాలో ‘ఠ’ అక్షరం గుండ్రంగా ఉంటుంది, అచ్చం మన సున్నాలా. అందుకని బస్సు మీద ‘సింహాచలం’ అని రాసి ఉంటే “సిఠహాచలఠ” అని చదివింది. అబ్బాయి నవ్వాడు గాని, వాడికీ అంతకన్నా రాదు. రెండు రోజులూ ఊరంతా సున్నాలే కనిపించాయి దానికి.

గుడి గురించి నేను కొత్తగా చెప్పేదేముంది. స్వామి ఏడాదంతా చందనం పూతలోనే ఉంటాడు, అక్షయ తృతీయ ఒక్కరోజే నిజరూపం. శనివారం కావడంతో క్యూ పెద్దది. గుడి పడమటి ముఖంగా ఉంటుంది. మా అబ్బాయికి ఆసక్తి పుట్టించింది మాత్రం ఇంకొకటి. ఇక్కడి ప్రధాన కట్టడం 13వ శతాబ్దపు తూర్పు గాంగుల పని, కోణార్క్ కట్టించిన మొదటి నరసింహదేవుడి నాటిది. “మా పుస్తకంలో లాంగుళా నరసింహదేవ ఆయనేనా?” అన్నాడు. ఆయనే. పరీక్షకి చదివిన రాజు మామ్మ మొక్కే గుడి దగ్గర ఎదురయ్యేసరికి మొహం మారింది, క్యూలో గొణగడం మానేశాడు. నేను కల్యాణ మండపం దగ్గర ఆగిపోయాను. 96 నల్లరాతి స్తంభాలు. అంచు తీర్చిన పద్ధతి చూస్తే, ఆ పనివాడికి తొందరపెట్టే యజమాని లేడని తెలిసిపోతుంది. అమ్మ కప్ప స్తంభాన్ని కావలించుకుంది. ఏం కోరుకున్నావని అడిగితే “నీకెందుకురా” అంది. పులిహోర బాగుంది, రెండు పొట్లాలు ఎక్కువ కొనుక్కోండి, కొండ దిగేలోపు అయిపోతాయి.

క్యూలో నిలబడటం, రాత్రి 58 మెట్లు, పొద్దున్న మళ్ళీ 58 దిగడం. మధ్యాహ్నానికి అమ్మ మోకాళ్ళు వాచాయి. దాని ఫలితం బీచిలో తెలిసింది.

ఆర్కే బీచి. శనివారం మధ్యాహ్నం రెండు దాటింది. ఆటో దిగి రోడ్డు దాటాం. గోడ దగ్గరికి వచ్చేదాకా అమ్మ కింద చూసే నడుస్తోంది, కాలు తడబడుతుందని. గోడ మీద చెయ్యేసి తల ఎత్తింది. ఏదో అంటుందని చూశాను. ఏమీ అనలేదు. కొంగు తీసి నెత్తిన కప్పుకుంది, గుడికొచ్చినట్టు. కాసేపటికి వెనక్కి తిరిగి రోడ్డు అవతల ఎత్తు మీదున్న భవనాల వైపు చూసి, “అదేనా ఆస్పత్రి?” అంది. అటే అమ్మా అన్నాను. “ఇంత దగ్గరా” అంది, అంతే.

బీచి మీద కుర్సుర జలాంతర్గామి ఉంది కదా, పిల్లలకి అదే మోజు. లోపలికి వెళ్ళాలంటే ఇనుప మెట్లెక్కాలి, లోపల గుండ్రటి ద్వారాల్లోంచి కాలెత్తి వంగి దాటాలి. అమ్మ ఆ మెట్లు చూసి “నేను రానురా, మీరెల్లి రండి” అంది. అక్కడే మురీ మిక్చర్ బండి ఉంది. బండి అబ్బాయి తన ప్లాస్టిక్ స్టూలు ఇటు జరిపి “కూకోండమ్మా” అన్నాడు. సముద్రం వైపు తిప్పి వేశాడు. అమ్మని అక్కడ కూర్చోబెట్టి మేం లోపలికి వెళ్ళాం. టికెట్ సినిమా టికెట్ కన్నా తక్కువ. సోమవారం సెలవు, గుర్తుపెట్టుకోండి, ఈ ఊళ్ళో జూకి కూడా సోమవారమే సెలవు.

ఈ రెండు రోజుల్లో పెట్టిన డబ్బుకి నూటికి నూరు విలువ ఇచ్చింది ఇదొక్కటే. కారణం జలాంతర్గామి కన్నా, లోపల తిప్పి చూపించిన పెద్దాయన. నేవీలో చేసి రిటైరైనవాళ్ళే ఇక్కడ గైడ్లు. మాకు దొరికినాయన ఒకే మాటని తెలుగులో ఒకసారి, హిందీలో ఒకసారి చెప్పి, మా పిల్లలు ఒడియాలో గుసగుసలాడటం విని మూడోసారి ఒడియాలో కూడా రెండు ముక్కలు చెప్పాడు. సోవియట్ దేశంలో తయారై 1969 డిసెంబరు 18న మన నేవీలో చేరింది. 31 ఏళ్ళు పనిచేసి 2001 ఫిబ్రవరిలో విరమించింది. 1971 యుద్ధంలోనూ ఉంది. తర్వాత ఒడ్డుకి లాగి 2002 ఆగస్టులో మ్యూజియం చేశారు. పొడవు 91 మీటర్లు. ఆయన అంకెలు చెప్తుంటే నేను మనసులో మా వీధి కొలుస్తున్నాను. గుడి దగ్గర మొదలుపెడితే మా ఇల్లు దాటి కిరాణా కొట్టు దాకా వస్తుంది. ఆ సన్నటి గొట్టంలో 75 మంది.

మొదటి గదిలోనే టార్పెడోలు. మొత్తం 22 పట్టేవట. వాటి పక్కనే మనుషులు పడుకునే బెర్తులు. “బాంబు పక్కన నిద్ర ఎలా పట్టేది సార్?” అని మా అబ్బాయి అడిగాడు. “ఎనిమిది గంటల డ్యూటీ దిగి చూడు బాబూ, దేని పక్కనైనా పడుతుంది” అన్నాడాయన. గది నుంచి గదికి వెళ్ళే ద్వారం దగ్గర దాటే పద్ధతి నేర్పించాడు: ముందు ఒక కాలు, తర్వాత నడుం, ఆఖర్న తల. అందరం చేశాం. నేను తొందరపడి తల ముందు పెట్టాను, ఠంగుమంది. ఆయన వెనక్కి కూడా చూడకుండా “రోజుకి పదిమంది సార్” అన్నాడు.

ఆ ద్వారం అంచు నేను చేత్తో తడిమాను. పై అంచున మనుషుల అరచేతులు పడే చోట లోహం నున్నగా, గుండ్రంగా అరిగింది. పాలిష్ యంత్రంతో వచ్చిన నునుపుకి, చేతి రాపిడితో వచ్చిన నునుపుకి తేడా ఉంటుంది. యంత్రంది అంతటా ఒకేలా మెరుస్తుంది. చేతిది ఒక చోట మొదలై మెల్లగా పక్కకి తగ్గిపోతుంది, అంచు ఎక్కడో చెప్పలేం. మా పాత దువ్వెనల పళ్ళు అలాగే ఉంటాయి. ఆ నునుపులో నావికుల వంతు ఎంతో, తర్వాత చూడ్డానికొచ్చిన మా లాంటివాళ్ళ వంతు ఎంతో గాని, నేను రెండుసార్లు తడిమాను. వెనకాల క్యూ ఆగింది, మా ఆవిడ గిచ్చింది.

వంటగది అంటే మా ఇంట్లో దేవుడి అల్మరా అంత. డీజిల్ ఇంజను తిరగాలంటే గాలి కావాలి, నీటి అడుగున గాలి ఎక్కడిది? అందుకే పైకి వచ్చినప్పుడు ఇంజన్లు నడిపి బ్యాటరీలు నింపుకుంటారు, కిందికి దిగాక బ్యాటరీ మీదే కదలాలి. మంచినీళ్ళు పొదుపు, స్నానం సంగతి అడక్కూడదు. మా అబ్బాయి ఇక్కడ చాలా సంబరపడ్డాడు. రేపటి నుంచి వాడు కూడా నేవీయేనట, స్నానం చెయ్యడట.

బయటికి వచ్చేసరికి అమ్మ మురీ అబ్బాయి వంశమంతా తెలుసుకుని కూర్చుంది. వాళ్ళది సోంపేట వైపు. భార్య, ఇద్దరు ఆడపిల్లలు ఊళ్ళోనే. వానాకాలం ఊరికి పోయి వరి చూసుకుంటాడు, మిగతా కాలం ఇక్కడ బండి. అమ్మ చేతిలో పొట్లం రెండోది. ఆ మిక్చర్ గురించి నాలుగు మాటలు రాయాలి. స్టీలు డబ్బాలో మరమరాలు, వేయించిన వేరుశెనగ, సన్నగా తరిగిన ఉల్లి, టమాటా, కొత్తిమీర, కారం, మసాలా, నిమ్మకాయ సగం పిండి, గరిటెతో టకటకా కొట్టి కలుపుతాడు. మరమరాలు మెత్తబడక ముందే తినెయ్యాలి, అయిదు నిమిషాలు ఆగితే పాడే. విశాఖలో ‘మురీ’ అంటారు, మా ఊళ్ళో ‘ముఢి’ అంటాం. బొరుగులు, మరమరాలు అనే తెలుగు మాటలుండగా వీళ్ళకి మురీ ఎక్కడిదంటే, మా వైపు నుంచి నడిచొచ్చిందనే నా అనుమానం. మా పిల్లలు మాత్రం పెదవి విరిచారు. ముఢి అంటే వాళ్ళకి వేడి ఘుగ్ని, అంటే బఠాణీల కూర, పోసుకుని తినాలి. వాళ్ళ మాట వాళ్ళది, నా లెక్కలో ఈ బండికి అయిదుకి అయిదు.

“లోపల ఏటుందిరా?” అని అమ్మ అడిగింది. చెప్పాను. అన్నం ఎక్కడ వండుతారు, మజ్జిగ ఉంటుందా, ఉతికిన బట్టలు ఎక్కడ ఆరేస్తారు అని వరసగా అడిగింది. గైడు చెప్పిన ఘాజీ సంగతి కూడా చెప్పాను. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక పాకిస్తాన్ వాళ్ళ జలాంతర్గామి ఇదే తీరంలో మునిగింది, లోపల 90 మందికి పైగా ఉన్నారు అని. అమ్మ పొట్లం మడిచింది. “ఇక్కడేనా?” అంది నీళ్ళ వైపు చూస్తూ. “ఇక్కడే, కొంచెం లోపలికి.” “పాపం, ఆళ్ళ అమ్మలకి ఎవరు కబురు చెప్పుంటారో” అంది. శత్రువులు మామ్మా, అని మా అబ్బాయి అందించాడు. “అయితే?” అంది.

చెప్పులు విప్పించి, ఒక చెయ్యి నేను, ఒక చెయ్యి మా ఆవిడ పట్టుకుని నీళ్ళ దగ్గరికి తీసుకెళ్ళాం. ఈ బీచిలో అల వెనక్కి పోయేటప్పుడు గట్టిగా లాగుతుంది, పిల్లల్ని చీలమండ దాటనివ్వకండి, బోర్డులు ఊరికే పెట్టలేదు. మొదటి అల పాదాల కింద ఇసుకని లాగేసినప్పుడు అమ్మ కెవ్వుమంది. తర్వాత మమ్మల్ని వదిలెయ్యమంది, మేం వదల్లేదు. అలా పావుగంట. చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ దాకా తడిసి, ఇసుక బరువుకి వేలాడుతుంటే మా అమ్మాయి పిండుతూ కూర్చుంది.

రోడ్డు అవతల టీయూ-142 విమానం ఉంది, అది కూడా మ్యూజియమే, 2017లో పెట్టారు. 29 ఏళ్ళు నేవీకి పనిచేసిన విమానం. నాలుగు ఇంజన్లు, ఒక్కోదానికి ఎదురెదురుగా తిరిగే రెండేసి ఫ్యాన్లు. చూడ్డానికి బాగుంది. కుర్సుర చూసొచ్చిన కళ్ళకి ఆనలేదు. టైము తక్కువైతే దీన్ని వదిలెయ్యండి.

ఆదివారం పొద్దున్న కైలాసగిరి. పైకి రోప్‌వే ఉంది, మోకాళ్ళ నొప్పివాళ్ళకి ఇది వరం. శివపార్వతుల తెల్లటి విగ్రహాల దగ్గర ఫొటో, చిన్న రైలు, పిల్లల జారుడుబండలు. పై నుంచి బీచి వంపు మొత్తం కనిపిస్తుంది, అదొక్కటి చాలు. మిగతాదంతా ఏ పార్కులోనైనా ఉండేదే. చిన్న రైలు చూసి అమ్మ “దీనికన్నా మా బండే నయం, చింతకాయలు దొరికీవి” అంది.

మధ్యాహ్నం ఒక మాల్. ఎస్కలేటర్ మీద మా ఆవిడ మొదటిసారి కాలు పెట్టడానికి అయిదు నిమిషాలు పట్టింది, వెనకున్న కుర్రాళ్ళు ఓపిగ్గా ఆగారు. అమ్మ లిఫ్ట్‌లో వెళ్ళింది. తలుపు మూసుకుని పైకి లేచాక “ఇది పనిచేస్తందిరా!” అని గట్టిగా అంది. లిఫ్ట్‌లో మిగతావాళ్ళకి అర్థం కాలేదు.

తర్వాత జరిగింది నా వృత్తి గొడవ, కాస్త ఓపిక పట్టండి. అక్కడికి దగ్గర్లోనే చేతిపని వస్తువుల కొట్టు ఒకటి ఉంటే దూరాం. అద్దాల బీరువాలో కొమ్ము కొంగ. ఒంటికాలి మీద నిలబడి, మెడ వెనక్కి తిప్పింది. ధర చూసి నాకు దాహం వేసింది, మేం ఇచ్చే ధరకి మూడింతలు పైనే. “ఇది ఎక్కడిది?” అన్నాను. “మైసూరు సార్, చందనం చెక్క మీద బఫెలో హార్న్” అన్నాడు సేల్స్ కుర్రాడు. చేతిలోకి తీసుకుని తిప్పాను. కొంగ కాలిని పీటలో దించిన చోట, అతుకు కనపడకుండా చుట్టూ సన్నటి గాడి గీస్తాం మా వీధిలో. మెడ మలుపు కాచి వంచేటప్పుడు కొమ్ములోని తెల్లచార వీపు మీదికి వచ్చేలా చూసుకుంటాం. గాడీ ఉంది, చారా ఉంది. పీట చందనం కాదు, మామూలు టేకు, రంగు పూశారు. “బాబూ, ఇది పర్లాకిమిడిది” అన్నాను. “కాద్సార్, మైసూరు” అన్నాడు, బిల్లు పుస్తకంలో అలాగే ఉందన్నాడు. వాడిదేం తప్పు, ఎవరో చెప్పిందే చెప్తున్నాడు. మా ఆవిడ “మా ఆయన చేసేవి ఇవే” అనేసరికి ఆ కుర్రాడు నా చేతులకేసి చూశాడు. ఆకురాయి గీతలు ఉంటాయి కదా. “అయితే మీకు డిస్కౌంట్ ఇప్పిస్తా సార్” అన్నాడు. ఏం చెప్పాలి? నేను చేసిన లాంటి కొంగని నాకే పది శాతం తగ్గించి అమ్ముతాడట. కొమ్ము బొమ్మ కొనాలనుకునేవాళ్ళు మా ఊరు రండి, చేసేవాడి ఎదురుగా కూర్చుని కొనుక్కోండి, టీ కూడా ఇస్తాం.

తిండి గురించి పెద్దగా చెప్పేదేం లేదు. సందులో ఒక టిఫిన్ బండి దగ్గర పునుగులు, అల్లం చట్నీ రెండు పొద్దులూ తిన్నాం, బంగారం. బోర్డు లేదు. శనివారం రాత్రి ఒక ఏసీ హోటల్లో చేపల పులుసు, బిర్యానీ కలిపి 1,140 అయింది. పులుసులో చింతపండు తప్ప చేప తక్కువ. ఆదివారం రాత్రి దాల్మా (కూరగాయలు వేసి వండిన పప్పు), అన్నం దొరుకుతుందా అని మా అబ్బాయి వెతికాడు. రెండు రోజులకే ఇంటి మీద బెంగ. మొత్తం మీద అయిదుగురికి లాడ్జితో, రైలుతో కలిపి 12,000 లోపే అయింది. అందులో కుర్సుర, మురీ కలిపి ఎంతో లెక్కేస్తే నవ్వొస్తుంది.

సోమవారం పొద్దున్నే పాసింజరు. 58 మెట్లు మళ్ళీ దిగాం. ఈసారి అమ్మ లెక్కపెట్టలేదు, నా భుజం మీద బరువంతా వేసి దిగింది. రైల్లో మా అమ్మాయి ప్రతి స్టేషన్ బోర్డూ చదివింది. ‘విజయనగరం’ దగ్గర మళ్ళీ ఠ అనబోయి ఆగి, మామ్మ మొహం చూసి, “రమ్” అంది. పాతపట్నం వచ్చేసరికి తడుముకోలేదు. ఆ తర్వాత వచ్చిన బోర్డు మా ఊరిది, దాని మీద ఒడియా. అమ్మకి ఒడియా చదవడం రాదు. యాభై ఏళ్ళకి పైగా ఈ స్టేషన్‌లో ఎక్కి దిగుతోంది, ఎవరూ చదివి చెప్పలేదట. అమ్మాయి వేలు పెట్టి ఒక్కో అక్షరం చూపించింది.

ప్లాట్‌ఫాం మీద అమ్మ కుంటుతూ, నా చెయ్యి పట్టుకుని నడుస్తుంటే, ఆ రోజు ఫోన్లో నా మాట నమ్మని ఆయనే ఎదురొచ్చాడు. అమ్మని చూసి, నన్ను చూసి, అనుకున్నంతా అయిందన్నట్టు తలూపాడు. “ఏ ఆస్పత్రిలో చూపించారు పిన్నీ?” అన్నాడు.

“ఆస్పత్రి కాదు నాయనా” అంది అమ్మ. “లాడ్జిలో లిఫ్ట్ పనిచెయ్యనేదు.”